దగ్గు వినిపించని గది

పిల్లను చేతికి అందిస్తే ఆమె ముందు మొహం చూడదు. వెనక్కి తిప్పి, చొక్కా పైకెత్తి, రెండు రెక్కల మధ్య తన కుడి చెవి ఆనిస్తుంది. అలా ఆనించినంతసేపూ పిల్లను తెచ్చిన తల్లి గడప బయటే ఊపిరి బిగబట్టుకుని నిలబడాలి. తర్వాత "ఊఁ, పని చూసుకో పో" అనో, "ఇవాళ్టికి ఇంటికి తీసుకుపో తల్లీ" అనో తేల్చేస్తుంది. ఆ మాటకి తిరుగులేదు. వీధిలో అందరూ ఆమెను చెవి పిన్ని అంటారు.

ఆ పేరు పిల్లల వల్ల వచ్చింది కాదు, ఫ్యాక్టరీలో వచ్చింది. వీధి చివర చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ ఉంది. అందులో ఆమె చాలా ఏళ్లు చొక్కా చేతులు అతికే మిషను మీద కూర్చుంది. హాలంతా మిషన్లు ఒక్కసారిగా అరుస్తున్నా, ఏ వరసలో ఏ మిషను సూది విరగబోతోందో ఆమెకి ముందే తెలిసేది. "విరిగే ముందు దాని గొంతు మారుతుంది" అనేది. రిపేరు చేసే మెకానిక్కు వేళాకోళానికి 'చెవి' అని పిలవడం మొదలుపెట్టాడు, అదే నిలిచిపోయింది. ఒకరోజు పక్క మిషను గొంతు వింటూ తన మిషను సంగతి మరిచిపోయింది. సూది బొటనవేలి గోట్లోంచి దిగింది. ఆ వేలు మళ్లీ వంగలేదు. వంగని వేలితో గుడ్డ తిప్పలేం గానీ పిల్లల్ని ఎత్తుకోవచ్చు. అప్పటికే భర్త పోయాడు. ఇంట్లో తనూ అత్తగారూ మిగిలారు. ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన ఆడవాళ్లే ఒకరి తర్వాత ఒకరు పిల్లల్ని తెచ్చి ఆమె దగ్గర వదిలి పనిలోకి వెళ్లడం మొదలుపెట్టారు.

ఇల్లంటే ఒకటే పొడవాటి గది. సందు వైపు కిటికీ, కిటికీ కింద చాపలు, ఒక మూల ఇనుప ఊయల, ఇంకో మూల అత్తగారి మంచం. వెనకాల పొయ్యి పెట్టుకునేంత జాగా. పై వాటాలో ఒకతను ఒక్కడే ఉంటాడు, ప్రెస్సులో పేపర్లు అచ్చువేసే పని. సాయంత్రం వెళ్లి తెల్లారి వస్తాడు, పగలు నిద్రపోతాడు. కింద పిల్లలు గొడవ చేస్తే చెప్పుతో నేల మీద కొడతాడు. ఆ దెబ్బకి కప్పు నుంచి సున్నం రాలి ఊయలలో పడుతుంది. అతని మొహం ఆమె సరిగ్గా ఎప్పుడూ చూడలేదు. అత్తగారు మాత్రం అతనికి 'చెప్పులాయన' అని పేరు పెట్టింది.

"వచ్చాడమ్మా చెప్పులాయన, దర్శనం ఇచ్చి పోయాడు" అనేది సున్నం రాలినప్పుడల్లా.

దగ్గే పిల్ల గడప దాటకూడదు అన్న నియమం చెవి పిన్ని తనంతట తాను పెట్టింది కాదు. అంతకు ముందు చలికాలంలో ఒక పిల్లాడు జలుబు మోసుకొచ్చాడు. అది గదిలో ఉన్న అందరికీ పాకింది. తల్లులు ఒక్కొక్కరే పని మానాల్సి వచ్చింది. కాలర్లు కుట్టే వరసలో సగం మిషన్ల మీద ముసుగులు పడ్డాయి. సూపర్‌వైజరు హాలు మధ్యలో నిలబడి, ఈసారి మానిన వాళ్లు మళ్లీ రానక్కర్లేదని అరిచాడు. ఆ సాయంత్రం తల్లులంతా గుంపుగా వచ్చారు.

"ఒకరి పిల్ల దగ్గితే మా అందరి పనీ పోతోంది పిన్నీ. దగ్గే పిల్లని నువ్వు రానివ్వకు" అంది బొత్తాలు కుట్టే ఆవిడ.

"రానిచ్చేదీ మానేదీ నాకెలా తెలుస్తుందే?"

"నీ చెవి ఉందిగా!"

ఆ మాట ఆమెకి నచ్చింది. మిషన్లు విడిచి వచ్చాక తన చెవిని ఎవరూ అలా తలచుకోలేదు. సరేనంది. నియమం పెట్టమన్న తల్లులే మర్నాటి నుంచి దాన్ని తప్పించుకునే దారి వెతకడం మొదలుపెట్టారని మాత్రం ఆ చెవికి చాలా ఆలస్యంగా వినిపించింది.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. మొదట పట్టుకున్నది అత్తగారిని. ముసలావిడ మంచం మీద కూర్చుని దగ్గుతుంటే పిల్లలు భయపడి ఏడ్చేవాళ్లు, పిల్లలు ఏడిస్తే పైనుంచి చెప్పు పడేది. చెవి పిన్ని మందుల షాపుకి వెళ్లింది.

"దగ్గుకి మంచిది ఏదైనా ఇవ్వండి."

షాపాయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి అర మీంచి ఎర్రటి మందు సీసా తీశాడు. చూడకుండా తీయగలిగేంత అలవాటు ఉంది ఆ చేతికి.

"ఇది పనిచేస్తుందా?"

"పనిచెయ్యకపోతే ఇన్ని సీసాలు ఎలా అమ్ముడుపోతాయమ్మా?"

ఆ జవాబులో ఏదో తిరకాసు ఉందనిపించింది. అదేమిటో అక్కడికక్కడ పట్టుకోలేక సీసా తీసుకుని వచ్చేసింది.

అత్తగారు ఆ మందు తాగిన మధ్యాహ్నం, సాయంత్రం దాకా నోరు తెరుచుకుని నిద్రపోయింది. లేచాక కోడలు అడిగింది.

"ఎలా ఉంది అత్తయ్యా, దగ్గు తగ్గిందా?"

"దగ్గా? దాని మానాన అది ఉంది. నేనే లేను. అది వచ్చి నన్ను లేపి లేపి, నేను లేవకపోయేసరికి విసుగొచ్చి పోయినట్టుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. మరికొన్నాళ్లకి జలుబు, ఏ జలుబైనా పోయినట్టే, తన గడువు తీరాక పోయింది. పేరు మాత్రం సీసాకి దక్కింది.

సీసాలో ఇంకా సగం మందు ఉంది. బొత్తాలావిడ కొడుకు ఒకరోజు పొద్దున బాగానే వచ్చి, ఎండ ఎక్కేసరికి దగ్గడం మొదలుపెట్టాడు. చెవి పిన్నికి ఆశ్చర్యం వేసింది. పొద్దున వీపు మీద చెవి పెడితే ఏమీ వినిపించలేదు మరి. తన చెవి తప్పిందా? పైనుంచి చెప్పు పడింది. ఇంకోసారి పడింది. ఆమె సీసా తీసి, చెంచాడు పోసి వాడి నోట్లో పెట్టింది. కాసేపటికి వాడు నిద్రలోకి జారాడు. గది చల్లబడింది.

సాయంత్రం తల్లి వచ్చి అడిగింది: "అల్లరి చేశాడా పిన్నీ?"

"బంగారంలా పడుకున్నాడు."

అందులో అబద్ధం లేదు. మందు పోశానని చెబితే దగ్గాడని చెప్పాలి. దగ్గాడని చెబితే పొద్దున చెవి ఏం చేసిందని అడుగుతారు. లేదా జలుబు నీ గదిలోనే పట్టింది అంటారు. ఆమె చెంచా కడిగి బోర్లించింది. సీసాని మడత పెట్టిన దుప్పట్ల వెనక్కి తోసింది.

తర్వాత ఇంకో పిల్ల. ఆ తర్వాత ఇంకొకరు. ఆ చలికాలంలో గదికి పేరొచ్చింది. ఊరంతా ముక్కులు చీదుతుంటే చెవి పిన్ని గదిలో పిల్లలకి మాత్రం దగ్గే రాదట అన్నారు. ఓ రోజు గుమ్మం ముందు ఒక పొడుగాటి మనిషి నిలబడి, గొంతు సవరించుకుని, "ఈమధ్య బాగా నిద్ర పడుతోందమ్మా, చాలా థాంక్స్" అనేసి గబగబా మెట్లెక్కి పోయాడు. అతను వెళ్లాక గానీ అతనే చెప్పులాయన అని ఆమెకి తట్టలేదు.

కిటికీలోంచి సందు మలుపులో ఉన్న కుళాయి కనిపిస్తుంది. పొద్దున్నే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వస్తూ ఆ కుళాయి దగ్గర ఆగడం ఆమె గమనించింది. గోడ వైపు తిరిగి, సంచిలోంచి ఏదో తీసి, పిల్లకి ఏదో చేసి, నీళ్లతో మూతి తుడిచి అప్పుడు వచ్చేవాళ్లు.

"చూశావా అత్తయ్యా, మొహాలు కడిగి మరీ తెస్తున్నారు. శుభ్రం నేర్చుకున్నారు" అంది.

పిల్లల్ని ఎత్తుకుంటే నోటి దగ్గర తియ్యటి వాసన వచ్చేది. "ఏం తాగించిందిరా మీ అమ్మ, పంచదార పాకంలా ఉన్నావు" అని ముద్దు పెట్టుకునేది. వీపుకి చెవి ఆనించేది. లోపల ఏమీ ఉండేది కాదు.

అందరిలోకీ ఆమెకి ఇష్టమైనది గువ్వ. ఏడాది నిండి కొన్ని నెలలైంది. గోడ పట్టుకుని నడుస్తుంది, గోడ అయిపోయిన చోట నిలబడి కేకలు వేస్తుంది, ఎవరైనా వచ్చి ఇంకో గోడ దగ్గరికి చేర్చాలి. గువ్వ తల్లి ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. సన్నటి పిల్ల, మాటకి ముందు నవ్వు. ఆ ఏడు రెండుసార్లు గువ్వకి జ్వరం వచ్చి పని మానింది. ఇంకోసారి మానితే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తానని సూపర్‌వైజరు చెప్పేశాడు. ఇంట్లో పిల్లని చూసుకునే మనిషి వేరే లేదు.

ఆ రోజు ఆ అమ్మాయి ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వచ్చింది.

"దగ్గు లేదు పిన్నీ, కావాలంటే విను. ముక్కే కొంచెం..."

"ముక్కు సంగతి ముక్కు చెబుతుంది గానీ నువ్వు ఆగు" అని చెవి పిన్ని గువ్వ వీపుకి చెవి ఆనించింది. ముక్కు గురగురలాడుతోంది. వీపు మాత్రం నిమ్మళంగా ఉంది. ఎందుకో మామూలు కంటే ఎక్కువ నిమ్మళంగా అనిపించింది. పిల్ల తల ఆమె భుజం మీద వాలిపోయింది.

"నిద్రమత్తులో ఉందే?"

"రాత్రంతా సరిగ్గా పడుకోలేదు." ఆ అమ్మాయి నవ్వింది. కళ్ల కింద నల్లగా ఉంది. "లోపలికి తీసుకో పిన్నీ, సైరన్ కొట్టేస్తారు."

సైరన్ కొట్టారు కూడా. ఆ అమ్మాయి వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

కొంతసేపు గువ్వ పడుకుంది. తర్వాత దగ్గు మొదలైంది. పొడిదగ్గు, తెరలు తెరలుగా, ఒక తెర అయ్యేలోగా ఇంకొకటి. పక్కన పడుకున్న పిల్ల లేచి ఏడ్చింది. దాన్ని చూసి ఇంకొకరు. పైనుంచి చెప్పు పడింది, ఊయల మీద సున్నం రాలింది. చెవి పిన్ని దుప్పట్ల వెనక నుంచి సీసా తీసింది. దాని మూతే కొలత, ఆ మూత ఎప్పుడో పోయింది. పాలు తాగించే పెద్ద చెంచాతో పోసింది. గువ్వ మింగి, మొహం చిట్లించి, మళ్లీ దగ్గింది.

"అది తాగితే పోదే" అంది అత్తగారు. "నాకు పోయిందా ఏమన్నా?"

"నీకు పోలేదా? పోయింది కదా!"

"ఎప్పుడు పోవాలో అప్పుడు పోయింది. మందు తాగినందుకు కాదు."

కోడలు ఆ మాట చెవిన వేసుకోలేదు. మధ్యాహ్నం దాటాక గువ్వ నిద్రలోనే మళ్లీ దగ్గింది, మునుపటంత గట్టిగా కాదు. ఈసారి పైనుంచి చెప్పు పడకముందే ఆమె చెంచా నింపింది. కళ్లు తెరవకుండానే పిల్ల మింగేసింది. ఆ తర్వాత దగ్గలేదు.

గది అంతా సద్దుమణిగింది. పిల్లలు చాపల మీద వరసగా పడుకున్నారు. కిటికీలోంచి చలిగాలి వస్తోందని ఆమె రెక్క మూసింది. వీధి చివర ఫ్యాక్టరీ మిషన్ల చప్పుడు దూరంగా, ఒకే తీరుగా వినిపిస్తోంది. పైన చెప్పులాయన గురక. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకుంది. ఇలాంటి మధ్యాహ్నాలంటే ఆమెకి గర్వం. ఎవరి ఊపిరి ఎవరిదో కళ్లు మూసుకునే చెప్పగలదు. బొత్తాలావిడ కొడుకుది ఈల, పక్కదానిది చిన్న గుటక, చివరి వాడిది బుస. వరసగా లెక్క పెట్టుకుంటూ వచ్చి గువ్వ దగ్గర ఆగింది.

వినిపించలేదు.

కళ్లు తెరిచి చూసింది. ఉంది. దుప్పటి కదిలింది. కొంచెం ఆగి మళ్లీ కదిలింది.

పాలు తాగే వేళయింది. పిల్లలు ఒక్కొక్కరే లేచారు. గువ్వ లేవలేదు. అరికాలు గిల్లింది. కాలు ముడుచుకుంది గానీ కన్ను తెరవలేదు. ఎత్తుకుంటే మెడ వెనక్కి వాలింది. మళ్లీ పడుకోబెట్టింది.

"ఇంకా లేవదేం అది?" అని అడిగింది అత్తగారు.

"రాత్రి నిద్ర లేదటగా. పడుకోనీ."

"నిద్రలా లేదే పిల్లా."

"నువ్వు ఊరికే గుండెలు బాదుకోకు అత్తయ్యా."

అంటూనే గువ్వని బోర్లా తిప్పి వీపుకి చెవి ఆనించింది. ఊపిరి వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చేలోపు వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ గది ముందు నుంచి మలుపు దాకా పోయారు. మిషను కరెంటు తీసేసినప్పుడు చక్రం ఇలాగే తిరుగుతుంది. వెంటనే ఆగదు. ఒక్కో చుట్టుకీ కొంచెం కొంచెం బద్ధకిస్తుంది. ఆ చప్పుడు ఆమెకి బాగా తెలుసు. తెలిసీ చెవి తీసేసింది.

ఫ్యాక్టరీ వదిలే వేళయింది. తల్లి వస్తుంది. తల్లి గొంతు వింటే లేస్తుంది. పిల్లలు తల్లి గొంతుకి లేస్తారు. ఇంత చిన్న చెంచా మందుకి ఏమవుతుంది, అందరూ పోస్తున్నదే కదా, ఊళ్లో ప్రతి ఇంట్లో ఉన్నదే కదా. పనిచేస్తోంది, అంతే. బాగా పనిచేస్తోంది. ఇలా ఆమె తనలో తను చెప్పుకుంటూ పిల్లల మూతులు తుడిచింది, చొక్కాలు మార్చింది, చాపలు చుట్టింది. గువ్వ ఉన్న చాప ఒక్కటే మిగిలింది. దాని వైపు చూడకుండా గదంతా రెండుసార్లు ఊడ్చింది.

సైరన్ కొట్టారు. తల్లులు వచ్చారు, పిల్లల్ని ఎత్తుకుని పోయారు. గువ్వ తల్లి అందరి తర్వాత వచ్చింది. గుమ్మంలోంచే తొంగి చూసింది.

"పడుకుందా? దగ్గిందా పిన్నీ?"

"లేదు."

ఆ అమ్మాయి మొహం విచ్చుకుంది. "హమ్మయ్య. తగ్గిపోయిందన్నమాట." వంగి పిల్లని భుజాన వేసుకుంది. గువ్వ లేవలేదు. తల్లి వీపు నిమిరింది, పేరు పెట్టి పిలిచింది, బుగ్గ తట్టింది. నవ్వు ఆగింది.

"ఏమైనా తాగించావా పిన్నీ?"

"పాలే. అవీ తాగలేదు." చెవి పిన్ని చాప అంచు సర్దింది. "నువ్వు పొద్దున ఏమైనా పోశావా?"

"నేనా? లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ పిల్ల వీపే చూశారు. ఇద్దరి దగ్గరా చెరి సగం నిజం ఉంది. మొత్తం నిజం ఎంత పెద్దదో ఆ గదిలో ఎవరికీ తెలియదు.

"నిద్రలో ఉంది. ఇంటికెళ్లి లేపుతాలే" అని ఆ అమ్మాయి గడప దాటింది.

చెవి పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది. సందులో ఆ అమ్మాయి వెళ్తోంది. భుజం మీంచి గువ్వ చెయ్యి వెనక్కి వేలాడుతోంది, చొక్కాకి అతకడానికి ముందు బల్ల అంచున వేలాడే చేతిలాగా, లోపల ఏమీ లేనట్టు. కుళాయి మలుపు దగ్గరవుతోంది. మలుపు తిరిగితే ఇక కనిపించదు.

వెనక నుంచి అత్తగారు అరిచింది. "ఏమే! చెప్పావా దానికి? పోసింది చెప్పావా?"

ఆమె దుప్పట్ల గుట్టని అలాగే కింద పడేసి, సీసా పట్టుకుని, కాళ్లకి చెప్పులు లేకుండా పరుగెత్తింది.

"అమ్మాయ్! ఆగు! ఆగవే తల్లీ!"

కుళాయి దగ్గర అందుకుంది. సీసా చూపించింది.

"నేను పోశాను. దగ్గింది. రెండుసార్లు పోశాను. పెద్ద చెంచాతో."

ఆ అమ్మాయి సీసా వైపు చూసి, తన సంచి తెరిచింది. టిఫిన్ డబ్బా పక్కన ఇంకో సీసా ఉంది. ఇది పసుపు రంగు మందు.

"నేనూ పోశాను పిన్నీ. ఇక్కడే. ఈ కుళాయి దగ్గరే." పిల్లని భుజం మీద సర్దుకుంది. "తెల్లారగట్ల ఒకసారి. ఇక్కడ ఇంకోసారి. నువ్వు వింటావని."

చెవి పిన్ని కుళాయిని చూసింది. గోడని చూసింది. ఇన్నాళ్లూ కిటికీలోంచి చూసినదంతా ఒక్కసారిగా అర్థమైంది.

"అంటే... అందరూ?"

ఆ అమ్మాయి తల ఊపి, పిల్లని గుండెకి అదుముకుంది.

అప్పుడే పనికి బయల్దేరిన చెప్పులాయన మోటారు సైకిలు మలుపు తిరగబోతోంది. చెవి పిన్ని దానికి అడ్డంగా నిలబడింది. అతను తిట్టడానికి నోరు తెరిచి, పిల్లని చూసి మూసుకున్నాడు.

"ఎక్కమ్మా" అన్నాడు తల్లితో. "పిల్ల తల నిలబెట్టి పట్టుకో. చెల్లెమ్మా, ఆ సీసాలు రెండూ ఇటివ్వు."

"నేనూ వస్తా."

"జాగా లేదు, పరుగెత్తుకు రా."

పరుగెత్తింది. ఆసుపత్రి చేరేసరికి గువ్వని బల్ల మీద పడుకోబెట్టి, మూతికి గొట్టం తగిలించారు. వేలికి ఏదో పెట్టారు, పక్కనున్న యంత్రం కుయ్ కుయ్‌మంటోంది. డాక్టరమ్మ రెండు సీసాల మీది అక్షరాలూ చదివి పక్కపక్కన పెట్టింది.

"రంగులు వేరు, పేర్లు వేరు. లోపల సరుకు ఒకటే. ఎవరు ఎంత పోశారో, ఎప్పుడు పోశారో దాచకుండా చెప్పండి."

చెప్పారు. ఒకరు ఆగిన చోట ఇంకొకరు. డాక్టరమ్మ నర్సుకి ఏవో చెప్పి, మళ్లీ ఇటు తిరిగింది. కోపం లేదు ఆమె మొహంలో, అలసట ఉంది. ఈ మాటలు చాలామందికి చెప్పిన అలసట.

"మామూలు జలుబు దగ్గుకి ఇది చేసే మేలేం లేదమ్మా. పెద్దవాళ్లకే అంతంత మాత్రం. ఇంత చిన్నపిల్లలకి అసలు పొయ్యకూడదు. మత్తు వస్తుంది, ఊపిరి మందగిస్తుంది."

"దగ్గు తగ్గింది కదండీ" అంది గువ్వ తల్లి. వాదన కాదు అది. ఏదో ఒకటి పట్టుకుని వేలాడాలని.

"తగ్గలేదు. దగ్గడానికి కూడా ఓపిక లేకుండా పడుకుంది."

అత్తగారు నవ్వుతూ అన్న మాటే ఇది. అప్పుడు తనూ నవ్వింది. చెవి పిన్ని గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది.

"బతుకుతుందా?" అని తల్లి అడిగింది.

"ఊపిరి తనంతట తాను తీసుకుంటోంది, అది మంచిదే. మత్తు దిగేదాకా కనిపెట్టుకుని ఉండాలి. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

తర్వాతి గంటలు ఎలా గడిచాయో ఆమెకి వరస గుర్తు లేదు. యంత్రం చప్పుడు మాత్రం గుర్తుంది. అది మందగించినప్పుడల్లా తనూ ఊపిరి ఆపేది. తెల్లవారి, కిటికీ అద్దం మీద ఎండ పడ్డాక, బల్ల మీద ఏదో కదిలింది. గువ్వ మొహం చిట్లించింది. మూతి మీది గొట్టాన్ని చేత్తో తోసింది. దగ్గింది. పొడిదగ్గు, తెరలు తెరలుగా, ఒక తెర అయ్యేలోగా ఇంకొకటి. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది.

తల్లి పిల్ల కాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. చెవి పిన్ని గోడ దగ్గరే ఉండి ఆ దగ్గు మొత్తం, చివరి తెర దాకా వింది.

జలుబు ఇంకొన్నాళ్లు ఉండి పోయింది. డాక్టరమ్మ చెప్పినట్టు ముక్కులో ఉప్పునీటి చుక్కలు, గోరువెచ్చటి నీళ్లు, పడుకునే ముందు చిన్న చెంచా తేనె, అంతే. ఏడాది నిండని పిల్లలకి ఆ తేనె కూడా వద్దంది. గువ్వ తల్లి తిరిగి పనిలోకి వెళ్లేసరికి కాలర్ల మిషను మీద వేరే అమ్మాయి కూర్చుని ఉంది. ఆమెను దారాలు కత్తిరించే బల్ల దగ్గర నిలబెట్టారు. ఆ బల్ల దగ్గర కుర్చీలు ఉండవు.

చెవి పిన్ని గది మూసేస్తుందనుకున్నారు. మూస్తే ఈ తల్లులంతా ఎక్కడికి పోతారు? ఒక పొద్దున అందరినీ గుమ్మం ముందు ఆపింది. తను చేసింది చెప్పింది, వాళ్లు చేస్తున్నది తనకి తెలుసని చెప్పింది. డాక్టరమ్మ మాటలు ఒక్కటీ పొల్లు పోకుండా అప్పజెప్పింది.

"ఇక మీదట దగ్గే పిల్లనైనా తీసుకుంటాను. దగ్గనీ, ఏడవనీ, నేను చూసుకుంటా. మందు మాత్రం పొయ్యకండి. మీరూ పొయ్యొద్దు, నేనూ పొయ్యను."

"పైనాయన ఊరుకుంటాడా?" అని ఎవరో అడిగారు.

"ఊరుకుంటానన్నాడు. చెవుల్లో దూది పెట్టుకుంటాడట."

"మరి ఒక పిల్ల దగ్గు అందరికీ అంటుకుంటే?" అంది బొత్తాలావిడ మెల్లగా. "మా పని?"

చెవి పిన్ని ఆమె కొడుకుని చంకనేసుకుంది. బొత్తాలావిడ "అలాగేలే పిన్నీ" అంది. అందరూ అలాగే అన్నారు. తలలు ఊపారు. సైరన్ కొట్టారు. పరుగెత్తారు.

మర్నాడు చలి ఇంకా పెరిగింది. సందులో మంచు దట్టంగా ఉంది, కిటికీలోంచి కుళాయి కనిపించలేదు. బొత్తాలావిడ మంచులోంచి గబగబా వచ్చి కొడుకుని చేతుల్లో పెట్టింది. వాడు బరువుగా ఉన్నాడు. చెవి పిన్ని వాణ్ణి వెనక్కి తిప్పలేదు. ముందు మొహం చూసింది. కళ్లు సగం మూసి ఉన్నాయి. మూతి దగ్గర తడి. వంగి వాసన చూసింది.

"పోశావా?"

"లేదు పిన్నీ."

"నిజం చెప్పు తల్లీ. పోశావా?"

"ఒట్టు పిన్నీ, నీళ్లతో మొహం కడిగానంతే." ఆమె అప్పటికే వెనక్కి అడుగులు వేస్తోంది. "సైరన్ కొడతారు, వెళ్తున్నా."

మంచులో కలిసిపోయింది. ఆమె వెనక ఇంకొకరు పిల్లని అందించారు, ఆ వెనక ఇంకొకరు. ఒక్కరూ దగ్గలేదు.

ఆ రోజు చెవి పిన్ని చాపలు పరవలేదు. బొత్తాలావిడ కొడుకుని ఒళ్లో నిలువుగా కూర్చోబెట్టుకుంది. వాడి కళ్లు మూతపడినప్పుడల్లా అరికాళ్లు రుద్దింది, తడిగుడ్డతో మొహం తుడిచింది. మిగతా పిల్లల్ని ఎవర్నీ పడుకోనివ్వొద్దని అత్తగారికి చెప్పింది. ముసలావిడ మంచం దిగి, గిన్నె మీద గరిటెతో కొడుతూ వాళ్ల మధ్య కూర్చుంది. పైనుంచి ఏ చప్పుడూ లేదు.

కోడలు పిల్లాడి వీపుకి చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. అత్తగారు గరిటె ఆపింది.

"ఏం వినిపిస్తోందే?"

"ఊపిరి ఉంది. దగ్గే ఇంకా రాలేదు" అంది చెవి తీయకుండా.